రోమ్‌లో నడిబొడ్డున హోటల్: మధ్యాహ్నం రెండింటికి రూముకి రాగలమా?

మొదటిసారి రోమ్ వెళ్లినప్పుడు హోటల్ నేనే వెతికాను. మెట్రో స్టేషన్‌కి దగ్గర, రేటు తక్కువ, ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, కింద మంచి రేటింగు. అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను. నాలుగు రాత్రులు. రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు, జూన్ ఎండలో, ఒకప్పటి రోమన్ గుడి పాంథియన్ ముందు నిలబడి అమ్మ అడిగింది: "కాసేపు నడుం వాల్చి వద్దామా నాన్నా?" నేను మనసులో లెక్కేశాను. మెట్రో దాకా నడక ఇరవై నిమిషాలు, రైల్లో ఇరవై, దిగాక ఇంకో పది. పోనూ రానూ రెండు గంటలకు కాస్త తక్కువ. "సాయంత్రం వెళ్దాంలే అమ్మా" అన్నాను. అమ్మా నాన్నా ఇద్దరూ పక్క చర్చిలో బెంచీ మీద కూర్చుని కునికిపాట్లు పడ్డారు. మిగతా రోజులూ అంతే. సాయంత్రం ఆరయ్యేసరికి అందరికీ కాళ్లు లాగేసి, అసలు ఊరు అందంగా కనిపించే వేళకి మేం మెట్రోలో వెనక్కి పోతుండేవాళ్లం.

అప్పటినుంచి యూరప్‌లో ఏ ఊరికి వెళ్లినా హోటల్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికి రూముకి వచ్చి, స్నానం చేసి, గంటసేపు పడుకుని, నాలుగున్నరకల్లా మళ్లీ వీధిలో ఉండగలమా? ఉండగలిగితే అది ఊరి మధ్యలో ఉన్నట్టే. లేకపోతే సైటులో ఏం రాసి ఉన్నా అది ఊరవతలే.

ఇది బద్ధకస్తుల లెక్క కాదు. జూన్ నెలాఖరులో రోమ్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి దాదాపు తొమ్మిదింటికి. పొద్దున ఎనిమిదికి బయల్దేరినవాళ్లు ఏకబిగిన పదమూడు గంటలు తిరగలేరు. రోజును రెండు పూటలుగా విడదీస్తేనే సాయంత్రం దక్కుతుంది. అమ్మానాన్నలతోనో, చిన్నపిల్లలతోనో వెళ్తే ఇక చెప్పనక్కర్లేదు. ఇక్కడ రోమ్‌నే ఉదాహరణగా తీసుకుని, ఆ పరీక్షలో నెగ్గే హోటల్‌ని ఎలా వెతకాలో వరసగా చెబుతాను. మిగతా ఊళ్ల సంగతి చివర్లో.

1. ముందు మ్యాప్, తర్వాతే బుకింగ్ సైటు

చాలామంది సైటు తెరిచి తేదీలు కొట్టి, రేటు ప్రకారం వరసపెట్టి చూస్తారు. అక్కడే పప్పులో కాలేస్తారు. ముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మీరు నిజంగా వెళ్లబోయే చోట్లకి గుర్తులు పెట్టుకోండి. జాబితాల్లో ఉన్నవన్నీ కాదు, మీ ఇంట్లోవాళ్లు వెళ్తామన్నవి. రోమ్ అయితే కొలోసియం, దాని పక్కన ఫోరమ్, ట్రెవి ఫౌంటెన్, పాంథియన్, పియాజ్జా నవోనా, స్పానిష్ మెట్లు, వాటికన్. వీటితోపాటు మీరు రైలెక్కే స్టేషన్ కూడా. రోమ్‌లో అది తెర్మీని.

గుర్తులన్నీ పెట్టాక కాస్త దూరం నుంచి చూస్తే ఊరు ఆకారం తెలుస్తుంది. ట్రెవి, పాంథియన్, నవోనా ఒక గుత్తిలా ఉంటాయి. ట్రెవి నుంచి పాంథియన్‌కి పది నిమిషాల నడక, అక్కణ్ణుంచి నవోనాకి అయిదు నిమిషాలు. కొలోసియం ఆగ్నేయాన విడిగా, వాటికన్ నది దాటాక పడమర వైపు విడిగా, తెర్మీని తూర్పున. అంటే నడుమ ఒక గుత్తి, దానికి మూడు చేతులు. మీకు కావలసిన హోటల్ ఆ గుత్తిలోనో, దాన్ని అంటుకునో ఉండాలి. లేదంటే గుత్తికీ ఒక చేతికీ మధ్యన.

సైటులో "కేంద్రం నుంచి 1.2 కిలోమీటర్లు" అని రాసేదాన్ని నమ్ముకోకండి. కేంద్రం అని ఏ చోటును తీసుకోవాలో సైటే అనుకుంటుంది. పైగా అది చాలాసార్లు తిన్నగా గీత గీసి కొలిచిన దూరం. నడుమ నది ఉందా, గుట్ట ఉందా, రైలు పట్టాలున్నాయా అన్నది ఆ గీతకి తెలియదు. రోమ్ ఏడు గుట్టల ఊరు కదా, మ్యాప్‌లో 600 మీటర్లు కనిపించేది కాళ్లకి కిలోమీటరులా తగులుతుంది.

నడక సమయం మ్యాప్‌లోనే చూడండి, కానీ పెద్దవాళ్లుంటే దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోండి. పన్నెండు నిమిషాలంటే పద్దెనిమిది. మా నాన్నతో అయితే ఇరవై, మధ్యలో ఎవరో ఒకరిని పలకరిస్తాడు కాబట్టి.

2. పేటల్ని తెలుసుకోండి

రోమ్‌లో ఒక్కో పేటకి ఒక్కో స్వభావం. ఇది తేల్చుకుంటే మిగతా పని సగం అయిపోయినట్టే, అందుకని ఇక్కడ కాస్త ఆగుదాం.

తెర్మీని చుట్టుపక్కల రేట్లు తక్కువ, హోటళ్లు ఎక్కువ. మన ట్రావెల్ ఏజెంట్లు చాలామంది ఇక్కడే పెడతారు. ఆ పేరు చూసి రైలు ఆఖరి స్టేషన్ కాబట్టి అలా పిలుస్తారనుకునేవాణ్ణి. కాదట, పక్కనే ఉన్న డయోక్లీషియన్ చక్రవర్తి కాలంనాటి స్నానశాలల వల్ల వచ్చింది ఆ పేరు. ఏ (A), బీ (B) మెట్రో లైన్లు రెండూ ఇక్కడే కలుస్తాయి. కొలోసియం రెండే స్టేషన్ల దూరం. ఏమిటి చిక్కంటే, స్టేషన్ పరిసరాలు రాత్రిపూట అంత ఆహ్లాదంగా ఉండవు, జేబుదొంగల బెడద ఉంటుంది, ట్రెవి దాకా నడక ఇరవై నిమిషాల పైనే. ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే ఫ్లోరెన్స్ రైలు ఎక్కేవాళ్లకి ఇదే సరైన చోటు. నాలుగు రోజులుండేవాళ్లకి రెండో రకం ఎంపిక. ఒక లాభం మాత్రం ఒప్పుకోవాలి. దగ్గర్లోనే ఎస్క్విలీనో పేటలో పెద్ద మార్కెట్ ఉంది. అక్కడా, పియాజ్జా విత్తోరియో చుట్టూ ఉన్న భారతీయ, బంగ్లాదేశీ కొట్లలోనూ బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి దొరుకుతాయి.

తెర్మీనికీ కొలోసియానికీ నడుమ ఉన్నది మోంతి. ఆ మాటకి అర్థమే కొండలు. చిన్న సందులు, కాఫీ కొట్లు, రాత్రి పది దాకా మనుషులు తిరుగుతూ ఉంటారు. కావూర్ మెట్రో స్టేషన్ ఉంది. కొలోసియానికి నడిచే వెళ్లొచ్చు, ట్రెవికి కూడా. ఎక్కుదిగుళ్లు ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లతో వెళ్తే వియా కావూర్, వియా నజియొనాలే లాంటి పెద్ద వీధుల మీదున్న హోటళ్లు చూడండి.

ట్రెవి, బార్బెరీని మెట్రో స్టేషన్, స్పానిష్ మెట్ల మధ్య ప్రాంతం నాకు అన్నింటికంటే నచ్చింది. గుత్తి అంతా నడక దూరంలో ఉంటుంది, మెట్రో 'ఏ' (A) లైను చేతికందేంత దగ్గర. వాటికన్ వెళ్లాలంటే బార్బెరీనిలో ఎక్కి ఒత్తవియానోలో దిగడమే. రేటు ఎక్కువే. ట్రెవికి ఎదురుగా కాకుండా రెండు సందులు ఇవతల తీసుకుంటే రేటూ తగ్గుతుంది, అర్ధరాత్రి దాకా ఉండే జనం గోలా తగ్గుతుంది.

పాంథియన్, నవోనా, కాంపో దే ఫియోరి పేటలు ఊరికి గుండెకాయ. కానీ అక్కడ మెట్రో లేదు. ఈ ఊళ్లో ఎక్కడ తవ్వినా పాత గోడో, పాత ఇల్లో బయటపడుతుంది, అందుకే మూడో లైను పనులు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. రాయి పరిచిన వీధులు, బస్సు దిగి పెట్టెలు ఈడ్చుకుంటూ నడక. ఆ నల్లరాళ్లని అక్కడ సాంపియెత్రీని అంటారు. చిన్న చక్రాల పెట్టెకి అవి పగవాళ్లు. కాంపో దే ఫియోరి మీదికి కిటికీ ఉన్న రూము వద్దు. పొద్దున కూరగాయల సంత, రాత్రి బార్లు. కుర్రకారుకి బాగానే ఉంటుంది.

వాటికన్ పక్కన ప్రాతి. పచ్చిక బయళ్లని అర్థం. 1871లో రోమ్ రాజధాని అయ్యాక కట్టిన పేట కాబట్టి వీధులు వెడల్పుగా, తిన్నగా, చదునుగా ఉంటాయి. లిఫ్టులున్న భవనాలు ఎక్కువ. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు, ట్రెవి దగ్గర రేటు భరించలేమనుకుంటే, కళ్లు మూసుకుని ప్రాతికి వెళ్లొచ్చు. లెపాంతో, ఒత్తవియానో స్టేషన్ల దగ్గర చూడండి. కొలోసియం దూరమవుతుంది, కానీ అక్కడికి వెళ్లేది ఒక్క పూటే కదా.

త్రస్తేవెరే అంటే తైబర్ నదికి అవతలి ఒడ్డు. ఫొటోలు బాగా వస్తాయి, సాయంత్రం భోజనానికి వెళ్లండి. మెట్రో లేదు, రాత్రి గోల ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు బస చెయ్యాల్సిన చోటు కాదని నా అభిప్రాయం.

3. ఎయిర్‌పోర్టు నుంచి గుమ్మం దాకా

ఊరంతా తిరగడానికి అనువైన హోటల్, దిగిన రోజున చేరడానికి నరకంగా ఉండొచ్చు. రాత్రంతా విమానంలో కూర్చుని, నాలుగు పెట్టెలతో దిగుతాం. కాబట్టి ఎంచిన ప్రతి హోటల్‌కీ ఈ ప్రయాణాన్ని విడిగా లెక్కపెట్టాలి.

ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి లెయొనార్దో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో తెర్మీనికి తెస్తుంది. టికెట్ మనిషికి 14 యూరోలు. అధికారిక తెల్ల టాక్సీకి పాత ఊరి చుట్టూ ఉన్న ఔరేలియన్ గోడల లోపలి ఏ చిరునామాకైనా స్థిర ధర ఉంది, 2024లో సవరించాక అది 55 యూరోలు. బండికే ఆ ధర, మనిషికి కాదు, సామాను కలుపుకునే. నలుగురు పెద్దవాళ్లుంటే రైలుకే 56 అవుతుంది! పైగా తెర్మీనిలో దిగాక మళ్లీ మెట్రోనో టాక్సీనో ఎక్కాలి. కాబట్టి ఒక్కరో ఇద్దరో అయితే రైలు, నలుగురైతే టాక్సీ. పెద్ద పెట్టెలు నాలుగుంటే అన్నీ ఒకే బండిలో పడతాయా అని ముందే అడగాలి.

ఆ గోడలు మూడో శతాబ్దంలో ఔరేలియన్ చక్రవర్తి కట్టించినవి. పదిహేడు వందల ఏళ్ల తర్వాత మన టాక్సీ బిల్లు ఆయన గీసిన గీత మీద ఆధారపడుతోందంటే ముచ్చటేస్తుంది. ప్రాతి ఆ గోడల అవతల పడుతుంది, అందుకని అటు వెళ్లేవాళ్లు ఎక్కేముందే ధర ఖాయం చేసుకోవాలి. ఎయిర్‌పోర్టు లోపల "టాక్సీ సార్?" అంటూ దగ్గరికొచ్చేవాళ్ల వెంట పోకండి. బయట వరసలో నిలబడండి.

కారు అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే రోమ్ వరకు మానుకోండి. పాత ఊరంతా ప్రవేశ నియంత్రణ ఉన్న జోన్. కెమెరాలు నంబరు ప్లేటు ఫొటో తీస్తాయి, జరిమానా నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా ఇంటికొస్తుంది.

4. ఇప్పుడు సైటు తెరవండి, మనుషుల లెక్క నిజం చెప్పండి

మ్యాప్ వీక్షణలో పెట్టి, మీ గుత్తి చుట్టూ ఉన్నవి మాత్రమే చూడండి. మన దగ్గర డబుల్ రూములో ముగ్గురు సర్దుకోవడం, పిల్లల్ని లెక్కలో చూపకపోవడం మామూలే. అక్కడ కుదరదు. గదికి ఇంతమంది అని అనుమతి ఉంటుంది, చెక్ ఇన్ అప్పుడు అందరి పాస్‌పోర్టులూ తీసుకుని వివరాలు పోలీసులకి పంపడం ఇటలీలో హోటళ్ల బాధ్యత. కాబట్టి పిల్లల వయసులతో సహా సరిగ్గా నింపండి. ముగ్గురి గది, నలుగురి గది అని విడిగా ఉంటాయి, ముందే అయిపోయేది అవే.

మంచాల మాట. ఇటలీలో మాత్రిమోనియాలే అంటే ఒకటే పెద్ద మంచం, అంటే దంపతుల గది. దొప్పియా అంటే చాలావరకు విడివిడిగా రెండు మంచాలు. ఇద్దరు స్నేహితులు వెళ్తూ మొదటిది బుక్ చేసుకుంటే రాత్రంతా దుప్పటి కోసం లాగులాటే.

గది కొలత తప్పకుండా చూడండి. 12 చదరపు మీటర్లు అంటే మన లెక్కలో 130 చదరపు అడుగులు, అంటే పది బై పదమూడు గది. బాత్రూమ్ కూడా చాలాసార్లు అందులోనే. రెండు పెద్ద పెట్టెలు తెరిచి పెడితే నడవడానికి చోటుండదు. పాత ఊరి మధ్యలో అంతకంటే పెద్దది కావాలంటే ధర పెరుగుతుంది, అది ఆ ఊరి ధర్మం.

లిఫ్ట్ ఉందని రాసి ఉన్నా పొంగిపోకండి. పాత భవనాల్లో లిఫ్ట్ మెట్ల నడుమ ఖాళీలో తర్వాత ఇరికించింది. ఇద్దరు మనుషులు ఎక్కితే పెట్టెకి చోటుండదు. కొన్నిచోట్ల లిఫ్ట్ దాకా వెళ్లడానికే అరడజను మెట్లుంటాయి. ఇంకో సంగతి, హోటల్ అని రాసినవాటిలో కొన్ని నిజానికి ఒక పెద్ద భవనంలో మూడో అంతస్తు మాత్రమే. కింద బోర్డు ఉండదు, బెల్ మీద పేరు వెతుక్కోవాలి. రాత్రి పదకొండింటికి దిగే విమానమైతే ఇరవై నాలుగు గంటల రిసెప్షన్ ఉన్నదే తీసుకోండి.

ఏసీ ఉందా, అది గది ధరలో భాగమేనా చూడాలి. మే నుంచి సెప్టెంబరు దాకా రోమ్‌కి ఏసీ లేని రూము మన పరీక్షలో ఎలాగూ తప్పుతుంది. ఎండ వేళ వచ్చి పడుకునేది ఆ చల్లదనం కోసమేగా.

వంట సంగతి సూటిగా చెబుతాను. హోటల్ రూములో రైస్ కుక్కర్ పెట్టకండి. పొగ పసిగట్టే అలారం మోగితే ఊరంతా చూస్తుంది. పొడులూ, పచ్చళ్లూ పట్టుకెళ్లండి. చిన్న కెటిల్ ఒకటి సరిపోతుంది, చాలా ఇటలీ హోటళ్లలో గదిలో అది పెట్టరు. పొద్దున టిఫిన్ అంటే అక్కడ కొర్నెత్తో అనే తియ్యటి బన్ను, కాఫీ. శాకాహారులకి పర్వాలేదు గానీ, ఇడ్లీ తిన్న కడుపుకి పదకొండింటికే ఆకలేస్తుంది. నిజంగా వండుకోవాలనుకుంటే అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఇటలీలో 2025 జనవరి నుంచి అలాంటి అద్దె ఇళ్లకి సీఐఎన్ అనే జాతీయ గుర్తింపు కోడ్ తప్పనిసరి, ప్రకటనలో అది కనిపించాలి. కనిపించకపోతే పక్కన పెట్టండి. మూడు నాలుగు రాత్రులకి మాత్రం నా ఓటు హోటల్‌కే. అపార్ట్‌మెంట్‌లో చివరి రోజు పెట్టెలు దాచేవాళ్లు ఉండరు.

ఎవరూ రాయని మాట ఇంకోటి. ఇటలీ బాత్రూముల్లో కమోడ్ పక్కన బిడే, అంటే కడుక్కోవడానికి కొళాయి ఉన్న తొట్టి, ఉంటుంది, నీళ్లకి అలవాటుపడ్డ మనకి ప్రాణం లేచొస్తుంది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో ఆ ఆశ పెట్టుకోవద్దు. ఒక చిన్న ప్లాస్టిక్ చెంబు పెట్టెలో వేసుకోండి. సిగ్గుపడేదేం లేదు.

5. రివ్యూలు చదివే పద్ధతి

మొత్తం రేటింగు చూసి ఆగిపోతే నాలాగే అవుతుంది. అది అందరి సగటు, మీ అమ్మ మోకాళ్ల సంగతి అందులో ఉండదు. ముందు కొత్తవాటిని పైకి తెచ్చుకోండి, ఆ తర్వాత తక్కువ మార్కులు ఇచ్చినవి చదవండి. "శబ్దం", "మెట్లు", "లిఫ్ట్", "ఏసీ", "నల్లులు" అనే మాటలకి ఇంగ్లీషు పదాలతో వెతకండి. ఇక్కడ నల్లులంటే నీటి నల్లాలు కాదు, మంచంలో ఉండేవి. ఒక్కరు రాస్తే వదిలేయండి, గత ఆరు నెలల్లో ముగ్గురు రాస్తే హోటల్‌నే వదిలేయండి.

మీరు వెళ్లే నెలలోనే ఉన్నవాళ్ల మాటకి విలువెక్కువ. ఫిబ్రవరిలో ఉన్నవాడు "నిశ్శబ్దం" అంటాడు, జూలైలో అదే కిటికీ కింద అర్ధరాత్రి దాకా కుర్చీలు వేసి ఉంటాయి. "సిబ్బంది ఇంగ్లీషు సరిగా మాట్లాడరు" లాంటి ఫిర్యాదులు దాటేయండి.

తర్వాత వీధి ఫొటోల వీక్షణలోకి వెళ్లి, స్టేషన్ నుంచి హోటల్ గుమ్మం దాకా వేళ్లతోనే నడవండి. పది నిమిషాల పని. ఎక్కుడా దిగుడా, కాలిబాట ఉందా, కింద బార్ ఉందా, తలుపు ఎక్కడుందో అంతా తెలిసిపోతుంది. నేను మొదటిసారి ఈ ఒక్క పని చేసి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

6. రేటుకి అసలు లెక్క

ఉదాహరణకి దూరంగా ఉన్న హోటల్ రాత్రికి 40 యూరోలు తక్కువ అనుకుందాం. నలుగురు పెద్దవాళ్లు. రోమ్‌లో 100 నిమిషాల టికెట్ మనిషికి 1.50 యూరోలు. పొద్దున వెళ్లి, ఎండవేళ వచ్చి, మళ్లీ వెళ్లి, రాత్రి రావాలంటే రోజుకి నాలుగు ప్రయాణాలు. నలుగురు, నాలుగు ప్రయాణాలు, ఒకటిన్నర యూరో: మొత్తం 24 యూరోలు. మిగిలింది 16. ఒక్కో ప్రయాణం 50 నిమిషాలైతే రోజుకి మూడు గంటల ఇరవై నిమిషాలు ఆ 16 యూరోల కోసం ఇచ్చేస్తున్నాం. ఎండవేళ రాకపోతే 28 మిగులుతుంది గానీ, చర్చి బెంచీ గతి.

తర్వాత సిటీ టాక్స్, అంటే బస చేసినందుకు ఊరికి కట్టే పన్ను. సైటులో చూపే ధరలో ఇది చాలావరకు ఉండదు, హోటల్లో విడిగా కట్టాలి. రోమ్‌లో మూడు నక్షత్రాల హోటల్‌కి మనిషికి రాత్రికి 6 యూరోలు, నాలుగు నక్షత్రాలకి 7.50, అయిదుకి 10. పదేళ్ల లోపు పిల్లలకి లేదు. నలుగురు పెద్దవాళ్లు నాలుగు రాత్రులు మూడు నక్షత్రాల్లో ఉంటే 96 యూరోలు. యూరో వంద రూపాయలు దాటిన రోజుల్లో ఇది చిల్లర కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో లెక్క వేరు, 2024 నుంచి గది ధరలో 12.5 శాతం.

హోటల్లో కార్డు గీసేటప్పుడు మెషీన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల మారకం రేటు పడుతుంది.

తేదీల సంగతి కూడా ఇక్కడే. ఈస్టర్ వారం, ఏప్రిల్ 25, జూన్ 2 సెలవుల చుట్టూ రోమ్ రేట్లు మండుతాయి. రోమ్ లాంటి టూరిస్టు ఊళ్లలో శుక్ర, శనివారాలు ఖరీదు. బ్రస్సెల్స్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి ఆఫీసుల ఊళ్లలో అందుకు విరుద్ధం, వారాంతం చవక. కానీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో అక్టోబరు పుస్తక ప్రదర్శన, మిలాన్‌లో ఏప్రిల్ ఫర్నిచర్ ప్రదర్శన, మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్ సమయాల్లో మామూలు హోటల్ కూడా చుక్కలు చూపిస్తుంది.

7. వీసాకి ముందు డబ్బు ఇరికించుకోవద్దు

యూరప్‌లో చాలా దేశాలకి ఒక్కటే చెల్లే షెంజెన్ వీసా దరఖాస్తుకి బస ఆధారం కావాలి, అంటే వీసా రాకముందే హోటల్ బుక్ చేయాలి. అందుకే ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. "తిరిగి ఇవ్వబడదు" అన్న రేటు పది శాతం తక్కువని ఆశపడి, వీసా ఆలస్యమై మొత్తం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చెయ్యాలి. నిజానికి వేసవికి వెళ్లేవాళ్లు రెండు మూడు నెలల ముందే చేసుకోవడం మంచిది. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా కావాలి.

బుకింగ్ పత్రం మీద అందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్ల తిరకాసు తెలిసిందే, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి పూర్తి పేరు ఒకే గడిలో. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని నింపండి. ప్రయాణంలో ఒక్క రాత్రి కూడా ఖాళీగా వదలకూడదు. రెండు మూడు దేశాలుంటే ఎక్కువ రాత్రులున్న దేశానికే దరఖాస్తు చెయ్యాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. కాబట్టి హోటల్ రాత్రుల పంపకమే మీరు ఏ దేశానికి దరఖాస్తు చెయ్యాలో తేలుస్తుంది.

8. వేరే ఊరైతే

పద్ధతి అదే, పేటలే మారతాయి. కొన్ని ఊళ్లలో పిన్‌కోడ్ చూస్తే చాలు. పారిస్‌లో ఇరవై పేటలు ఊరి నడుమ నుంచి శంఖం చుట్టలా బయటికి తిరుగుతాయి, పిన్‌కోడ్ చివరి రెండు అంకెలే పేట నంబరు. 75001 నుంచి 75007 దాకా నడిబొడ్డు. 75 కాకుండా వేరే అంకెతో మొదలైతే అది పారిస్ కాదు, పేరులో పారిస్ ఉన్నా సరే. గార్ దు నోర్ స్టేషన్ ఉన్న పదో పేట ఎయిర్‌పోర్టు రైలుకి దగ్గర. దాని పైన లా షపెల్ వైపు నడిస్తే శ్రీలంక తమిళుల కొట్లు, దోసె దొరికే హోటళ్లు. దోసె కోసం సాయంత్రం వెళ్లి రండి, ఉండటానికి మాత్రం ఇంకా దిగువన చూడండి.

వియన్నా, బుడాపెస్ట్‌లలో నాలుగంకెల కోడ్‌లో మధ్య రెండూ పేట నంబరు. వియన్నా 1010 అంటే ఒకటో పేట, 1070 అంటే ఏడోది, రెండూ మంచివే.

వెనిస్‌లో అతి పెద్ద ఉచ్చు మెస్త్రే. పేరులో వెనిస్ ఉంటుంది, హోటల్ మాత్రం నేల మీద, వంతెన ఇవతల. రైల్లో పది నిమిషాలే గానీ ఎండవేళ వచ్చి పడుకోవడానికి పనికిరాదు. అసలు వెనిస్‌లో పెట్టెలతో మెట్ల వంతెనలు ఎక్కలేమనుకుంటే సాంతా లుచియా స్టేషన్‌కి దగ్గర్లో తీసుకోండి.

బెర్లిన్‌కి నడిబొడ్డు ఒకటి కాదు. ఊరు రెండుగా చీలి ఉన్న కాలంలో తూర్పున అలెగ్జాండర్‌ప్లాట్జ్, పడమర జూ స్టేషన్ చుట్టూ రెండు కేంద్రాలు పెరిగాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి మిట్టే అనే పేట నయం. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ పక్క పాత ఇళ్ల మెట్లు నిచ్చెనలే, లిఫ్ట్ ఉందని రాతపూర్వకంగా తేలేదాకా నమ్మొద్దు.

9. చివరగా ఒక ఉత్తరం

రెండు మూడు హోటళ్లు మిగిలాక ప్రతిదానికీ చిన్న మెయిల్ రాయండి. నాలుగు ప్రశ్నలు చాలు. వీధి నుంచి రూము దాకా మొత్తం ఎన్ని మెట్లు? వెనక పెరడు వైపు నిశ్శబ్దంగా ఉండే గది ఇస్తారా? మేం పొద్దున ఎనిమిదికే వస్తే పెట్టెలు తీసుకుని ఉంచుతారా? చివరి రోజు గది ఖాళీ చేశాక రాత్రి విమానం దాకా పెట్టెలు దాస్తారా? గల్ఫ్ మీదుగా మన వైపు వచ్చే విమానాలు చాలావరకు మధ్యాహ్నం తర్వాతే కాబట్టి ఆఖరి ప్రశ్న తేలిగ్గా తీసుకోవద్దు. జవాబు ఎంత త్వరగా, ఎంత సూటిగా వస్తుందో చూస్తే ఆ హోటల్ తీరు తెలుస్తుంది. కాపీ కొట్టి అతికించిన స్వాగత వాక్యాలు వస్తే రెండోదానికి పోండి.

మా రెండో రోమ్ ప్రయాణానికి మూడు హోటళ్లకి ఇలాగే రాశాను. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు లిఫ్ట్ ఉంది అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మూడోది బార్బెరీనికి దగ్గర్లోది. లిఫ్ట్ ఉంది, దాని ముందు ఆరు మెట్లున్నాయి, పెట్టెలు మావాళ్లు తెస్తారు, మీ అమ్మగారికి చెయ్యి పట్టుకునే కమ్మీ ఎడమవైపు ఉంటుంది అని రాశారు. ఆ పూటే ఖాయం చేశాను.